శ్రుతి పెరగడానికి కారణం శాంపిల్ రేటు

బ్రౌజర్ తెరవగానే రికార్డింగ్ ప్రాజెక్టులోని పాట వేగం పెరిగి, శ్రుతి ఒకటిన్నర అర్ధస్వరం పైకి జరుగుతోందని రాశారు. ఆ ఒకటిన్నరే అసలు ఆనవాలు. శాంపిల్ రేటు అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ అంకె. 44,100 హెర్ట్జ్‌లో రికార్డు చేసిన ధ్వనిని ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే పరికరం) 48,000 వద్ద నడిపిస్తే వేగం దాదాపు 9 శాతం పెరుగుతుంది, శ్రుతి దాదాపు మీరు చెప్పినంతే జరుగుతుంది. కాబట్టి కేబుళ్ల జోలికి వెళ్లకండి.

ఇంటర్‌ఫేస్‌లో ఒక సమయంలో ఒకే రేటు నడుస్తుంది. బ్రౌజర్ శబ్దం కోసం విండోస్ దాన్ని 48,000కు మార్చేస్తున్నట్టుంది. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియడం లేదు.

బ్రౌజర్ మూసేసి, విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్‌ఫేస్ ప్రాపర్టీస్ తెరవండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 44,100 ఎంచుకోండి. రికార్డింగ్ పరికరాల జాబితాలోనూ ఇదే చేయాలి; చాలామంది మరిచిపోయేది ఇక్కడే. ఇంటర్‌ఫేస్ సొంత ప్యానెల్‌లోనూ అదే అంకె ఉండాలి.

నేనైతే బ్రౌజర్ శబ్దాన్ని కంప్యూటర్‌లోని సౌండ్‌కార్డుకే వదిలేస్తాను, గొడవే ఉండదు.

అప్పటికీ తగ్గకపోతే, ఆప్టికల్ కేబుల్‌తో మరో పరికరం కలిపి ఉందేమో చూసి, క్లాక్ సోర్సును (ఇంటర్‌ఫేస్ తన రేటును ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగును) ఇంటర్నల్‌కు మార్చండి. ప్రాజెక్టు రేటును మాత్రం ముట్టుకోవద్దు.