అకౌంట్స్ పనికి ఇంకా భవిష్యత్తు ఉందా? ఓ తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. లెక్కలో తేడా వస్తే అది ఎక్కడ వచ్చిందో దొరికేదాకా వదలదు. అకౌంట్స్ వైపే వెళ్తానంటోంది. ఆ పనులన్నీ ఇక సాఫ్ట్‌వేర్, ఏఐ చేసేస్తాయనీ, వెంటనే డేటా అనలిటిక్స్ కోర్సులో చేర్పించమనీ బంధువులు చెబుతున్నారు. ఏ దారిలో వెళ్తే తను పాతికేళ్లపాటు ఢోకా లేకుండా, ఇష్టమైన పని చేసుకుంటూ ఉండగలదు?

జవాబు: పాతికేళ్లు ఢోకా ఉండదని హామీ ఇవ్వగల కోర్సు ఏదీ లేదండీ. ఎవరైనా అలా హామీ ఇస్తుంటే ఫీజు కట్టే ముందు ఆగండి. అయితే ఒక ఉద్యోగం పోయినా కొన్ని నెలల్లో అదే స్థాయి పనిలో మళ్లీ కుదురుకునేలా కెరీర్‌ను కట్టుకోవచ్చు. దానికి పద్ధతి ఉంది, చదువుకునే రోజుల్లోనే మొదలుపెట్టవచ్చు కూడా. తేడా దొరికేదాకా వదలదని మీరు రాసిన మాట మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ విలువైనదిగా అనిపించింది. అక్కడి నుంచే మాట్లాడుకుందాం.

‘అకౌంట్స్ ఉద్యోగం’ అని మనం ఒక్క పేరుతో పిలుస్తాం కానీ అందులో పది రకాల పనులుంటాయి. బిల్లులు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు సరిచూడటం, రావలసిన బాకీల కోసం ఫోన్లు చేయడం, నెలాఖరు సర్దుబాట్లు రాయడం, ఆడిటర్ అడిగిన కాగితం తీసి చూపడం. కొత్త యంత్రం వచ్చినప్పుడు ఈ పనులన్నీ ఒకేసారి పోవు. ముందుగా పోయేది, నియమం మారకుండా రోజూ ఒకేలా జరిగే పని.

బ్యాంకు రీకన్సిలియేషన్‌నే, అంటే బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు సరిచూసే పనినే తీసుకోండి. తేదీ, మొత్తం, రిఫరెన్స్ నంబరు కలిసిన పద్దులను సాఫ్ట్‌వేర్ క్షణాల్లో జత చేసేస్తుంది. ఆ పని కోసం ఇక మనిషిని పెట్టుకోరు. అసలు పని జత కుదరని ఆ కొద్దిపాటి పద్దుల దగ్గర మొదలవుతుంది. తేడా 900 వచ్చిందనుకోండి. అది 9తో భాగమవుతోంది కాబట్టి, 5,400ను ఎవరో 4,500గా ఎక్కించి ఉండొచ్చని అనుభవం ఉన్నవాళ్లు ముందు అక్కడ వెతుకుతారు. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగమవుతుంది మరి. వచ్చిన సొమ్మును పొరపాటున ఖర్చు వైపు రాస్తే తేడా దానికి రెట్టింపు కనిపిస్తుంది, అప్పుడు తేడాలో సగం మొత్తం కోసం వెతకాలి. ఇంతవరకూ యంత్రానికీ నేర్పవచ్చు. కానీ ఒకే కస్టమర్ పేరు మీద ఒకే మొత్తం రెండుసార్లు కనిపించినప్పుడు, అతను నిజంగానే రెండుసార్లు చెల్లించాడా, ఒక చెల్లింపే రెండుసార్లు నమోదైందా అన్నది కాగితాలు తీసి, ఫోన్ చేసి, అవతలి మనిషి మాటను తూచి తేల్చాలి. తేల్చాక ‘ఇది సరైనదే’ అని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆ సంతకానికి జవాబుదారీ మనిషే. మీ అమ్మాయికి ఉన్న లక్షణం సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది.

ఇలాంటి మార్పును ఈ వృత్తి ఇంతకుముందే చూసింది. 1979లో విజికాల్క్ అనే ప్రోగ్రామ్ యాపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. పర్సనల్ కంప్యూటర్లకు వచ్చిన మొదటి స్ప్రెడ్‌షీట్, అంటే గడుల్లో అంకెలు పెడితే లెక్కలు తనే చేసే ప్రోగ్రామ్, అదే. అంతకుముందు ఒక్క అంకె మారితే పెద్ద కాగితం మీది వరుసలన్నీ చెరిపి మళ్లీ కూడాల్సి వచ్చేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో చిట్టాలు రాసే గుమాస్తాలు తగ్గారు, అకౌంటెంట్లు, ఆర్థిక విశ్లేషకులు పెరిగారు. లెక్క తేలిగ్గా తేలడంతో ‘ధర ఇంత తగ్గిస్తే ఏమవుతుంది, అప్పు ఇంత తెస్తే ఏమవుతుంది’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాటికి జవాబు చెప్పగలిగినవాళ్లకు పని దొరికింది. కూడికలు మాత్రమే వచ్చినవాళ్లు నష్టపోయారు. ఈ రెండో మాటను దాచి మొదటిదే చెప్పడం సరికాదు.

కాబట్టి అమ్మాయి చేత ఈ నెలలోనే ఒక కసరత్తు చేయించండి. తను చేరాలనుకునే స్థాయి ఉద్యోగ ప్రకటనలు 30 సేకరించాలి. అన్నీ ఒకే సంస్థవి కాకూడదు. చిన్నవీ పెద్దవీ, వేర్వేరు రంగాలవీ కలవాలి. ఒక షీట్‌లో అడ్డువరుసకు ఒక ప్రకటన, నిలువు వరుసకు ఒక నైపుణ్యం పెట్టి, అడిగినచోటల్లా టిక్ పెట్టుకుంటూ పోవాలి. 15 కంటే ఎక్కువ ప్రకటనల్లో కనిపించినవి పునాదికి సంబంధించినవి, అవి రాకపోతే ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లడం కష్టం. ఐదారు చోట్ల మాత్రమే కనిపిస్తూ, జీతం ఎక్కువ ఉన్న ప్రకటనల్లోనే వస్తున్న నైపుణ్యం ఉంటే దాన్ని ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి, రెండో మెట్టు అదే అయ్యే అవకాశం ఎక్కువ. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఉద్యోగం పేరు చూసి లెక్కపెట్టడం. ‘అనలిస్ట్’ అని పేరున్నా లోపల పని డేటా ఎంట్రీ కావచ్చు. పేరు వదిలేసి ‘చేయవలసిన పనులు’ అన్న భాగం చదవమనండి.

ఆ షీట్ తయారయ్యాక ప్రతి నైపుణ్యం పక్కనా ఇంకో గుర్తు పెట్టించండి: ఇది మూలమా, పనిముట్టా? ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా మంచి కెరీర్లు మధ్యలో కుంటుపడతాయి. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. ఒకప్పుడు వెబ్‌లో ఆటలు, యానిమేషన్లు చాలావరకు అందులోనే చేసేవారు. 2007లో వచ్చిన ఐఫోన్ దాన్ని అసలు నడపలేదు. 2017 జూలైలో దాని యజమాని సంస్థ అడోబీ ఇక ఆపేస్తామని ప్రకటించింది, 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయింది. ఫ్లాష్‌లో బటన్లు ఎక్కడుంటాయో మాత్రమే తెలిసినవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అందులోని యాక్షన్‌స్క్రిప్ట్ భాషను లోతుగా నేర్చుకున్నవాళ్లకు మాత్రం వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ భాషలోకి మారడం తేలికైంది, ఎందుకంటే ఆ రెండూ ఎక్మాస్క్రిప్ట్ అనే ఒకే ప్రమాణం మీద నిలిచిన భాషలు. మార్పును ముందే ఊహించలేకపోయినా, మూలం వచ్చి ఉండటమే వాళ్లను నిలబెట్టింది.

అకౌంట్స్‌లో ఆ మూలం జంటపద్దు విధానం, అంటే ప్రతి లావాదేవీనీ డెబిట్, క్రెడిట్ అని రెండు వైపులా రాసే పద్ధతి. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ వివరించిన ఆ పద్ధతే ఈనాటి దాదాపు ప్రతి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లోపలా నడుస్తోంది. డేటా వైపు చూస్తే, డేటాబేస్‌ల నుంచి కావలసిన సమాచారాన్ని అడిగి తీసుకోవడానికి 1970ల్లో ఐబీఎం పరిశోధకులు రూపొందించిన ఎస్‌క్యూఎల్ అనే భాష యాభై ఏళ్లు దాటినా ఉద్యోగ ప్రకటనల్లో కనిపిస్తూనే ఉంది. అమ్మాయి నేర్చుకునే సమయంలో మూడింట రెండు వంతులు ఇలాంటి మూలాలకూ, ఒక వంతు ఆ ఏడాది నడుస్తున్న పనిముట్లకూ ఇవ్వమని నా సలహా. ఉద్యోగం వెతికే చివరి రెండు మూడు నెలల్లో మాత్రం దీన్ని తిరగేయాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో పనిముట్టు మీదే పరీక్ష పెడతారు.

ఏఐ గురించి భయపడాల్సిన చోటు ఒకటుంది. కొత్తవాళ్లు ఇంతకాలం పని నేర్చుకున్నది చిన్నచిన్న పనులు చేసి, తప్పులు దిద్దించుకునే. ఆ చిన్న పనులనే ఇప్పుడు యంత్రానికి ఇస్తున్నారు. దాంతో జవాబు చేతికి వస్తుంది కానీ అది తప్పో ఒప్పో చెప్పే చూపు అలవడదు. అందుకని నేర్చుకునే దశలో ఒక క్రమం పాటించాలి: ముందు తనే చేయాలి, తర్వాత యంత్రం చేత చేయించాలి, రెండింటికీ తేడా వచ్చినచోట ఎవరిది తప్పో ఆధారంతో తేల్చాలి. ఇది నెమ్మదిగా సాగుతుంది, విసుగొస్తుంది, అయినా మానకూడదు. రెండేళ్ల తర్వాత పక్కవాళ్లకంటే ఎక్కువ జీతం తెచ్చిపెట్టేది ఈ తేల్చే శక్తే.

మొదటి ఉద్యోగం విషయంలో తల్లిదండ్రులు జీతం దగ్గర ఆగిపోతారు. జీతం ముఖ్యమే. కానీ రెండు అవకాశాల మధ్య జీతం తేడా కొద్దిగానే ఉంటే, తన పనిని చూసి దిద్దేవాళ్లు ఉన్నచోటికే పంపండి. ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు అమ్మాయి రెండు ప్రశ్నలు అడగవచ్చు. కొత్తగా చేరినవాళ్ల పనిని ఎవరు, ఎంత తరచుగా చూస్తారు? ఈ సీటులో ఇంతకుముందు పనిచేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ‘పైమెట్టుకు వెళ్లారు’ అంటే మంచి సూచన. ముగ్గురు వరుసగా ఏడాది లోపే మానేశారని తెలిస్తే కారణం కనుక్కోకుండా చేరకూడదు.

చేరిన వారం నుంచే పని చిట్టా ఒకటి రాసుకోవాలి. శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాలు చాలు. సమస్య ఏమిటి, తను ఏం చేసింది, ఫలితం ఏమిటి, దాన్ని ఎవరు చూశారు: ఈ నాలుగు. ‘బాకీల జాబితా చూసుకునేదాన్ని’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘90 రోజులు దాటిన బాకీలు 42 ఉండేవి. కారణాన్ని బట్టి విడదీస్తే 17 బిల్లుల్లో చిరునామా తప్పని తేలింది. సరిచేసి మళ్లీ పంపాక రెండు నెలల్లో 11 వసూలయ్యాయి’ అని రాస్తే, చదివినవాళ్లకు మనిషి కళ్ల ముందు కనబడుతుంది. ఉద్యోగం పోయిన రోజు కూర్చుని ఇవన్నీ గుర్తుచేసుకుందామంటే అంకెలు గుర్తుకురావు, ఆఫీసు మెయిల్ కూడా అప్పటికే మూసేసి ఉంటుంది. చిట్టా సొంత నోట్‌బుక్‌లోనే ఉండాలి. అయితే అందులో కస్టమర్ల పేర్లు, సంస్థ పత్రాలు, పాస్‌వర్డులు ఏవీ ఉండకూడదు. ఆ గీత దాటితే పరువుతోపాటు కేసు దాకా వెళ్తుంది.

పరిచయాల సంగతి కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. దగ్గరి స్నేహితులకంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగ సమాచారం ఎక్కువగా వస్తుందని సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చెప్పారు. లింక్డిన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద జరిగిన పరిశీలన 2022లో వెలువడింది, అందులోనూ ఓ మోస్తరు దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడినట్టు తేలింది. మన దగ్గరివాళ్లకు తెలిసింది సాధారణంగా మనకూ తెలిసే ఉంటుంది కదా. పాత సహోద్యోగులు, శిక్షణలో కలిసినవాళ్లు, ఆడిట్‌కు వచ్చినవాళ్లు, ఇలాంటి పాతిక ముప్ఫై మందితో ఏడాదికి రెండుసార్లైనా మాట కలిపితే చాలు. అవసరం పడినప్పుడే ఫోన్ చేసేవాళ్లను అందరూ గుర్తుపడతారు.

డబ్బు గురించి క్లుప్తంగా. సంపాదన మొదలైన తొలి ఏడాది రెండేళ్లలో మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పడేలా చూడండి. అది లేనివాళ్లు ఉద్యోగం పోగానే ముందొచ్చిన దానికల్లా తలొగ్గుతారు. జీతం పెరిగిన ప్రతిసారీ వాయిదాలు కూడా పెంచుకునేవాళ్లదీ అదే పరిస్థితి, మారాలని ఉన్నా మారలేరు.

ఇష్టమైన పని కావాలన్నారు కదా. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970ల్లో, పని తృప్తినివ్వడానికి ఐదు అంశాలు చూడాలన్నారు: రకరకాల నైపుణ్యాలు వాడే వీలు, ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా చేసే అవకాశం, అది ఇతరులకు పనికొస్తోందన్న ఎరుక, ఎలా చేయాలో తనే నిర్ణయించుకునే స్వేచ్ఛ, ఎలా చేశామో తెలియడం. అమ్మాయి ఎప్పుడైనా ‘నాకీ పని నచ్చడం లేదు’ అంటే వెంటనే వృత్తి మార్చే ఆలోచన చేయకండి, సర్దుకుపొమ్మనీ చెప్పకండి. ఈ ఐదింటిలో ఏది కరవైందో తనతో కలిసి చూడండి. చేసింది బాగుందో లేదో చెప్పేవాళ్లు లేకపోతే పై అధికారిని నెలకోసారి అరగంట అడిగి తీసుకోవచ్చు. మొదలు నుంచి చివరిదాకా చేసే అవకాశం లేకపోతే ఒక చిన్న శాఖ నెలాఖరు లెక్కలు పూర్తిగా తనకే ఇమ్మని అడగవచ్చు. పని ఒత్తిడి విపరీతంగా ఉండి, నిర్ణయాల్లో తన మాటకు చోటే లేని ఉద్యోగం మాత్రం వేరే సంగతి. ఈ రెండూ కలిసినచోట మనుషులు ఎక్కువగా నలిగిపోతారని 1979లోనే రాబర్ట్ కరాసెక్ చూపించారు. అడిగినా ఆరు నెలల్లో ఏమీ మారకపోతే అక్కడి నుంచి బయటపడటమే మేలు.

ఇక డేటా అనలిటిక్స్ కోర్సు. అకౌంట్స్ మానేసి అందులో చేరడం నా దృష్టిలో తప్పు. అకౌంట్స్‌కు తోడుగా నేర్చుకుంటే మాత్రం మంచి జోడీ అవుతుంది. లెక్కల లోగుట్టు తెలిసి, వేల పద్దుల్లో అనుమానాస్పదమైన వాటిని తనే వెలికితీయగల మనిషి ఆడిట్‌లోనూ ఫైనాన్స్‌లోనూ అవసరం. ముందు స్ప్రెడ్‌షీట్, తర్వాత ఎస్‌క్యూఎల్, రోజుకు గంట చొప్పున మూడు నాలుగు నెలలు తనంతట తానుగా ప్రయత్నించనివ్వండి. తను తయారుచేసిన 30 ప్రకటనల షీట్‌ను కోర్సు సిలబస్ పక్కన పెట్టి చూడండి. ‘పునాది’ అని తేలిన వాటిలో సగమైనా సిలబస్‌లో లేకపోతే ఆ కోర్సు వదిలేయండి. ఉంటే, గత బ్యాచ్‌లో చేరినవాళ్లు ఎంతమంది, పూర్తి చేసినవాళ్లు ఎంతమంది, అందులో ఎందరు ఏ పనిలో చేరారు అని అడిగి, వాళ్లలో ఇద్దరితో అమ్మాయి చేతే మాట్లాడించండి. ఆ వివరాలు ఇవ్వడానికి వెనకాడే సంస్థకు ఫీజు కట్టవద్దు.