రాజాంలో ఉన్న వదినకి యాప్‌లో గిఫ్ట్: ఎందుకు తేలట్లేదంటే

గంటలు గంటలు స్క్రోల్ చేసినా వదినగారి గృహప్రవేశం గిఫ్ట్ తేలకపోవడానికి కారణం యాప్ కాదండి. మీరు డబ్బా విప్పే క్షణాన్ని ఊహించుకుంటున్నారు. ఆవిడ చూసేది తర్వాత రోజూ పనికొస్తుందా అని. ఈ తేడా గురించే గాలక్, గివి, విలియమ్స్ అనే పరిశోధకులు 2016లో రాశారు.

1. యాప్ మూసేయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: వాట్సాప్‌లో వదినగారి చాట్ తెరిచి 'పాడైంది', 'కొనాలి' అని వెతకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసే అలవాటుంటే అలా కూడా వెతకాలి. 'మిక్సీ జార్ మూత లీకవుతోంది' లాంటి మాట ఒక్కటి దొరికినా చాలు.

3. దొరక్కపోతే నేరుగా అడిగేయండి. సర్‌ప్రైజ్ పోతుందన్న టెన్షన్ గిఫ్ట్ ఇచ్చేవాళ్లకే ఎక్కువ.

4. పొందూరు ఖద్దరు మాత్రం యాప్‌లో వద్దు, ఆవిడకి పొందూరు దగ్గరే కదా! మిగతా ఏదైనా రాజాం పిన్‌కోడ్ కొట్టి, డెలివరీ తేదీ చూసుకుని ఆర్డర్ పెట్టండి.