కేమన్‌లో డైవింగ్, కార్డు మీద అప్పు: ముందు ఆ 60 రోజుల డబ్బు చూపించండి

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 38 ఏళ్లు, హెచ్‌1బీ మీద ఉద్యోగం. మా ఆవిడది హెచ్‌4, ఉద్యోగం లేదు. బాబుకి 12 ఏళ్లు. పాపకి 9, డిసెంబర్లో 10 నిండుతాయి. నలుగురం స్కూబా డైవింగ్ నేర్చుకుని ఆగస్టులో కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవికి వెళ్దామనుకుంటున్నాం. ఏడు రాత్రులకు అన్నీ కలిపి 14,000 డాలర్లు తేలింది. చేతికొచ్చే జీతం నెలకు 7,600. హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐతో కలిపి ఖర్చు 6,300. పొదుపు ఖాతాలో 11,000 ఉన్నాయి. అందులో 5,000 తీసి, మిగతా 9,000 పదిహేను నెలలు వడ్డీ లేని కొత్త క్రెడిట్ కార్డు మీద పెట్టి, మార్చిలో వచ్చే 6,000 బోనస్‌తో చాలావరకు తీర్చేస్తాం. కుదరకపోతే 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ తీసుకుంటాం. అక్కడిదే బొనైర్ దీవి, మెక్సికోలోని కోజుమెల్ దీవి కూడా చూశాం. ఈ మూడింట్లో ఏది మంచిది? రిసార్టుకు శుక్రవారంలోగా 1,500 డిపాజిట్ కట్టాలి.

జవాబు: శుక్రవారం ఆ డిపాజిట్ కట్టకండి.

ఏ దీవి అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ 11,000 సంగతి తేల్చాలి. మీరు దాన్ని పొదుపు అంటున్నారు. మీ ఇల్లు గడవడానికి నెలకు 6,300 కావాలి. అంటే అది రెండు నెలలకు కూడా చాలని డబ్బు. అందులోంచి 5,000 తీసేస్తే మిగిలే 6,000తో ఒక్క నెల కూడా పూర్తిగా గడవదు. ఖాతాలో కదలకుండా కనిపించే డబ్బంతా ఖర్చుకు సిద్ధంగా ఉందనుకోవడం మీ ఒక్కరి పొరపాటు కాదు. ఒక్క జీతం మీద, వీసా మీద నడిచే మన ఇళ్లలో మాటిమాటికీ జరిగేదే. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

హెచ్‌1బీ మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ94, అంటే దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు, అంతకన్నా ముందే ముగిస్తే ఇంకా తక్కువ. ఆ 60 రోజుల్లో ఇంకో కంపెనీ మీ పేరు మీద పిటిషన్ వేయాలి, లేదా మీరు వేరే వీసా స్టేటస్‌కు దరఖాస్తు చేసుకోవాలి, లేదంటే ఇల్లు సర్దుకోవాలి. ఆ రెండు నెలల ఇంటి ఖర్చే 12,600. అద్దె ఒప్పందం మధ్యలో వదిలేస్తే చాలా చోట్ల రెండు నెలల అద్దె అడుగుతారు, అది ఐదు వేలు అనుకుందాం. నలుగురికి ఇండియాకి ఒకవైపు టికెట్లు ఇంకో నాలుగు వేలు. మొత్తం దాదాపు 22,000. ఇది ఆరు నెలల అత్యవసర నిధి కాదు. ఆరు నెలలంటే 37,800 కావాలి. 22,000 అన్నది కనీసం, దానికి దిగువన ఉంటే భద్రత అనే మాటే ఎత్తకూడదు. మీరు ఇప్పుడు అందులో సగం దగ్గరున్నారు. హైదరాబాద్ బ్యాంకు మీ వీసా సంగతి చూడదు, ఈఎంఐ తేదీకి ఈఎంఐ తీసుకుంటుంది.

ఇక కార్డు. కాగితం మీద మీ లెక్క సరిపోతుంది, ఒప్పుకుంటాను. పదిహేను నెలల్లో 9,000 తీరుతుంది, బోనస్ వస్తే ఇంకా ముందే తీరుతుంది. కానీ ఆ లెక్కలో ప్రతి అంకె కిందా ‘ఉద్యోగం ఉంటే’ అన్న మాట ఉంది. బోనస్ మార్చిలో వస్తుంది, అప్పు ఆగస్టులో మొదలవుతుంది. మధ్యలో ఏడు నెలలు. అక్టోబర్లో ఉద్యోగం పోతే మీ చేతిలో 6,000 నిధి, కార్డు మీద ఎనిమిది వేల పైచిలుకు బాకీ, 60 రోజుల గడువు మిగులుతాయి. రాని డబ్బుతో అప్పు తీరుస్తానని అప్పు చేయడం నాకు అస్సలు గిట్టని పని. అదీ విహారయాత్రకా? అందరూ బాగుండి, బోనస్ మాత్రం రాలేదనుకోండి. గడువు ముగిసేసరికి 6,000 మిగిలిపోతే, 24 శాతం వడ్డీ మీద నెలకు 200 చొప్పున కడితే తీరడానికి 47 నెలలు పడుతుంది. వడ్డీయే 3,200 పైన. పాప హైస్కూల్లో చేరాక కూడా మీరు ఈ ఆగస్టు బోటు డబ్బులు కడుతూ ఉంటారు.

401కె లోన్ ఇంకా చెడ్డది. ఉద్యోగం మానేసినా, పోయినా చాలా ప్లాన్లలో మిగతా బాకీ ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా వెనక్కి వేయాలి. వేయకపోతే దాన్ని మీరు తీసేసుకున్నట్టు లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకు పైన 10 శాతం జరిమానా. సరిగ్గా ఉద్యోగం పోయినప్పుడే బాకీ మొత్తం మీద పడే అప్పు ఇది. వ్యక్తిగత రుణం గురించి వేరే చెప్పను, వద్దు.

ఇప్పుడు దీవుల దగ్గరకు వద్దాం. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అడగలేదు: పాపని డైవింగ్‌కి తీసుకుంటారా? డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ (PADI) నిబంధనల ప్రకారం పిల్లల మొదటి సర్టిఫికెట్ అయిన జూనియర్ ఓపెన్ వాటర్‌కు 10 నిండాలి. ఆగస్టులో పాపకి 9. మీ 14,000లో నాలుగో కోర్సు డబ్బు ఉందేమో చూడండి. ఉంటే అది దండగ. ఎనిమిది దాటిన పిల్లలకు రెండు మీటర్ల లోతులో చేయించే బబుల్‌మేకర్ లాంటివి మాత్రమే తనకు కుదురుతాయి. తను ఒడ్డున కూర్చుంటే మీలో ఒకరు తనతో ఒడ్డునే ఉండాలి, ఆ పెద్దవాళ్ల డైవ్ డబ్బులూ పోయినట్టే. పది నిండాక కూడా 10, 11 ఏళ్ల పిల్లలకు 12 మీటర్లు దాటనివ్వరు, తల్లో తండ్రో లేదా ప్రొఫెషనలో పక్కన ఉండాలి. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకు సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్లతో 18 మీటర్లు. మీరిద్దరూ కొత్తవాళ్లే కాబట్టి పిల్లల పక్కన మీరుంటే చాలని అనుకోకండి, డైవ్‌మాస్టర్‌ని, అంటే నీళ్లలో దారి చూపే ప్రొఫెషనల్ గైడ్‌ని పెట్టుకోండి.

అందుకే గ్రాండ్ కేమన్ మీకు సరిపోదు. అక్కడ జనం డబ్బు పోసేది ముఖ్యంగా నిట్టనిలువు గోడల లాంటి పగడపు అంచుల కోసం. వాటి అందమంతా 12 మీటర్ల దిగువన. మీ పాపకి అది కనిపించదు, బిల్లు మాత్రం కనిపిస్తుంది. మెనూలో ధరలు కేమన్ డాలర్లలో ఉంటాయి. దుకాణాల్లో ఒక కేమన్ డాలరు అంటే 1.25 అమెరికా డాలర్లు. 40 అని చదివిన భోజనం 50 అవుతుంది, టిప్పు వేరు. రోజుకు మూడు పూటలు, నలుగురు, ఏడు రోజులు.

ఆగస్టే కావాలని పట్టుబడితే బొనైర్ ఒక్కటే నేను ఒప్పుకునేది. హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, ఆగస్టు చివర, సెప్టెంబర్లో ఉధృతం. 2024 జూలైలోనే బెరిల్ తుపాను గ్రెనడా దీవులను దెబ్బకొట్టి, జమైకా, కేమన్ పక్కగా వెళ్లి కోజుమెల్ ఉన్న మెక్సికో యుకటాన్ తీరాన్ని తాకింది. బొనైర్ వెనిజువెలాకు దగ్గరగా, తుపాన్లు ఎక్కువగా తిరిగే దారికి దక్షిణంగా ఉంటుంది. అక్కడ డైవింగ్ చాలావరకు ఒడ్డు నుంచే. రోడ్డు పక్కన పసుపు రంగు రాయి మీద చోటు పేరు రాసి ఉంటుంది. పికప్ ట్రక్కు ఆపి, సిలిండర్ వీపున తగిలించుకుని నీళ్లలోకి నడిచి వెళ్లడమే. పగడం ఒడ్డుకు దగ్గర్లోనే, తక్కువ లోతులోనే మొదలవుతుంది కాబట్టి పిల్లలకు చక్కగా సరిపోతుంది. అడుగున విరిగిన పగడపు ముక్కలుంటాయి, గట్టి అడుగున్న బూట్లు కావాలి. ట్రక్కులో ఫోను, పాస్‌పోర్టు, పర్సు వదలకండి. కిటికీలు దించి, ఏమీ పెట్టకుండా వెళ్లడమే అక్కడివాళ్లు చేసే పని. వచ్చేవాళ్ల మీద పెద్దలకు 75 డాలర్ల ప్రవేశ పన్ను, మెరైన్ పార్కు రుసుము వేరు. డాలస్ నుంచి విమానం మారాలి, ట్రక్కు అద్దె తప్పదు. మీ లెక్కకు కోజుమెల్ కన్నా రెండు మూడు వేలు ఎక్కువే పడుతుంది.

కోజుమెల్‌కు డాలస్ నుంచి నేరుగా విమానం ఉంది, గది, భోజనం, బోటు అన్నీ చవక. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయ పాస్‌పోర్టుకు మెక్సికో విడిగా వీసా అడగదు. నలుగురి పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపు గడువు మాత్రం ముందే చూసుకోండి. పిటిషన్ పొడిగించినంత మాత్రాన స్టాంపు పొడిగించినట్టు కాదు. ఇక్కడి చిక్కు నీటి ప్రవాహం. బోటు మిమ్మల్ని ఒకచోట దింపి ఇంకోచోట ఎక్కించుకుంటుంది. కొత్తవాళ్లు కంగారుపడితే గాలి త్వరగా అయిపోతుంది, పిల్లలు గుంపు నుంచి కొట్టుకుపోతారు. బుక్ చేసేటప్పుడే ‘పదేళ్ల పిల్ల ఉంది, లోతు తక్కువ రీఫ్ (పగడపు దిబ్బ) కావాలి, మా నలుగురికే విడి గైడ్ కావాలి’ అని రాసి అడగండి. రాసి జవాబివ్వని వాళ్ల దగ్గర కట్టకండి.

నా సలహా: వచ్చే ఏడాది మే చివర, బడి అయిపోగానే కోజుమెల్. అప్పటికి పాపకి పది నిండి ఉంటాయి, హరికేన్ కాలం ఇంకా ఊపందుకోదు. విమానం నలుగురికి 1,800, గది ఆరు రాత్రులు 1,080, అక్కడ పూర్తి చేసే సముద్రపు శిక్షణ 1,200, ఇంకో రెండు రోజుల బోటు 880, తిండి 900, బీమా 400, టాక్సీ, పార్కు రుసుము, టిప్పులు 500. మొత్తం 6,760. ఆన్‌లైన్ పాఠాలు, స్విమ్మింగ్ పూల్ శిక్షణ ఇంటి దగ్గరే ముగించి, ఆ భాగం అయిందని చూపే రెఫరల్ పత్రం తీసుకెళ్లడానికి నలుగురికి దాదాపు 1,800. అన్నీ కలిపి 8,560. నెలకు 1,300 మిగులుతోంది కదా. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలల్లో 11,700 చేరి నిధి 22,700 అవుతుంది. బోనస్ 6,000, ఏప్రిల్, మే మిగులు 2,600 కలిపితే యాత్రకు 8,600. అప్పు సున్నా. బోనస్ రాకపోతే యాత్ర ఆగుతుంది, ఇల్లు ఆగదు. ఆరు నెలల నిధి నిండేదాకా కదలొద్దని అనను, 22,000 దాటాలి అంతే.

ఆరు రాత్రులుంటే ఆరు రోజుల డైవ్ ప్యాకేజీ కొనకండి. ఒకటికన్నా ఎక్కువ డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల విరామం కావాలి. వచ్చిన రోజు, వెళ్లే ముందు రోజు తీసేస్తే మిగిలేవి నాలుగు రోజులే.

బీమా విషయంలో మాత్రం ఒక్క డాలరు తగ్గించనివ్వను. మీ కంపెనీ ఆరోగ్య బీమా దేశం బయట ఎంత ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి, రోగిని విమానంలో తరలించే ఖర్చు చాలావాటిలో ఉండదు. డైవర్‌కి ఒత్తిడి వ్యాధి వస్తే, అంటే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లనో నరాలనో పట్టేస్తే, పీడన గదిలో పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడతారు. సాధారణంగా ఇచ్చే ఒక్క చికిత్సే 4 గంటల 45 నిమిషాలు, తగ్గకపోతే మళ్లీ మళ్లీ ఇవ్వాలి. వేరే ఊరికి తరలించాల్సి వస్తే మామూలు విమానం పనికిరాదు, లోపల సముద్ర మట్టపు పీడనం నిలిపే అంబులెన్స్ విమానం కావాలి. ఆ బిల్లు పదుల వేల డాలర్లలో ఉంటుంది. కోజుమెల్‌లో పీడన గదులు ఉన్నాయి, కానీ డబ్బుకు ఎవరు పూచీ అని అక్కడ మొదటే అడుగుతారు. డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సభ్యత్వంతో పాటు వాళ్ల డైవ్ ప్రమాద బీమా నలుగురికీ తీసుకోండి. సభ్యత్వం ఒక్కటే చాలదు, అది తరలింపు వరకే. మామూలు ట్రావెల్ బీమా తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ లేని డైవింగ్‌ని, ఫలానా లోతు దాటిన డైవింగ్‌ని మినహాయించిన వాక్యం వెతకండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకు పనిచేయదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే రకం కావాలంటే మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే తీసుకోవాలి.

మీ టర్మ్ జీవిత బీమా ఉద్యోగంతో వచ్చినది ఒక్కటే అయితే ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా ఒకటి, కోర్సులో చేరకముందే తీసుకోండి. దరఖాస్తులో డైవింగ్ గురించి అడిగితే, రాబోయే ప్లాన్లతో సహా ఉన్నదున్నట్టు రాయండి. దాచిపెడితే క్లెయిమ్ రోజున మీ ఆవిడే ఇబ్బంది పడుతుంది.

ఈ ఆగస్టులో పిల్లలు ఊరుకోరు, తెలుసు. ఊళ్లోనే డైవ్ షాపులో బాబుకి ట్రయల్, పాపకి బబుల్‌మేకర్ చేయించండి. నలుగురూ మెడికల్ ఫారం ముందే నింపండి. ఉబ్బసం, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం అడుగుతారు. ఎవరికైనా 200 మీటర్లు (మాస్కు, స్నోర్కెల్, ఫిన్స్‌తో అయితే 300) ఆగకుండా ఈదడం, పది నిమిషాలు తేలడం రాకపోతే ఈ ఏడాది ఈత క్లాసులకు పెట్టండి, కోర్సులో అది తప్పదు. స్విమ్మింగ్ పూల్‌లో దిగేటప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం పాపకి వస్తోందా, నొప్పి అంటోందా, మాస్కులోకి నీళ్లొస్తే భయపడుతోందా అన్నది ఆ మొదటి గంటలోనే తెలుస్తుంది.