షుగరు ఎగుడుదిగుళ్ల గురించి, కంటి పరీక్ష గురించి

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ హెచ్‌బీఏ1సీ ఈసారి 7.2 వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే సంతోషించాను. అయితే నీ మీటరు పుస్తకంలో పొద్దున 58, మధ్యాహ్నం 310 ఉన్న రోజులు కూడా ఉన్నాయని తనే చెప్పింది. హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చూపేది రెండు మూడు నెలల షుగరు సగటును మాత్రమే కాబట్టి, పడిపోయిన షుగరు, పెరిగిన షుగరు అందులో కలిసిపోయి అంతా మంచిగున్నట్టే కనిపిస్తుంది. టైప్ వన్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగరు జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి రోజులో 70 శాతానికి మించిన సమయం షుగరు 70, 180 మధ్య ఉండాలని, 70 కంటే కింద 4 శాతం సమయం కూడా ఉండరాదని డాక్టర్లు చెబుతారు.

అమెరికా, కెనడాలలో 1983 నుంచి 1993 వరకు 1,441 మంది టైప్ వన్ వారితో జరిగిన డీసీసీటీ అధ్యయనంలో, అప్పటికి కంటి జబ్బు లేనివారు షుగరును గట్టిగా అదుపు చేసుకుంటే రెటినోపతి, అంటే షుగరు వల్ల కంటి లోపలి రెటీనా పొర దెబ్బతినే జబ్బు, మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. ఆ లెక్కలనే తర్వాత మళ్లీ పరిశీలిస్తే, హెచ్‌బీఏ1సీ ఒక పరీక్షకూ మరో పరీక్షకూ బాగా మారుతున్నవారికి, సగటుతో సంబంధం లేకుండానే, ఆ ముప్పు ఎక్కువని తేలింది.

షుగరు ఇట్లా ఊగితే అందరూ అన్నాన్నీ, జొన్నరొట్టెనూ తప్పుపడతారు గాని, సూది పడే చోటును చూడరు. నర్సుగా పనిచేసిన కాలమంతా నేను గమనించిన సంగతి ఇది. స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో పొట్టను మెల్లగా నిమిరి చూడు; చర్మం కింద రబ్బరులా ఉబ్బుగా తగిలితే అక్కడ కొవ్వు పేరుకున్నదన్నమాట. నొప్పి తెలియదు గనుక చెయ్యి మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది, కానీ ఆ చోట వేసిన ఇన్సులిన్ ఏ రోజు ఎంత వేగంగా రక్తంలోకి చేరుతుందో చెప్పలేము. ఆ చోటు వదిలి, ప్రతి సూదికీ వేలెడు దూరం జరుగుతూ వేసుకో. కొత్త చోట అదే మోతాదు ఎక్కువై షుగరు పడిపోవచ్చు కాబట్టి ముందే డాక్టరు గారిని అడుగు. మన ఎండాకాలంలో ఇన్సులిన్‌ను బండి డిక్కీలో అసలే పెట్టకు.

ఇక కళ్ల సంగతి. రెటినోపతి మొదట్లో చూపును ఏమాత్రం తగ్గించదు, అందుకే నాకు బాగానే కనబడుతున్నదన్న మాటను నేను ఒప్పుకోను. జబ్బు వచ్చి ఐదేళ్లు దాటినవారు ఏటా చుక్కల మందు వేయించుకొని రెటీనా చూపించుకోవాలి. అద్దాల దుకాణంలో అక్షరాలు చదివించే పరీక్ష దానికి సరిపోదు. షుగరు ఊగుతున్న రోజుల్లో కంటి లెన్సు మారి చూపు మసకబారుతుంది, ఆ సమయంలో కొత్త అద్దాలు చేయించుకోకు. నల్లటి చుక్కలు ఒక్కసారిగా తేలినా, తెర పడినట్టు అనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పో.

ఇంకొక మాట: చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరును తొందరపడి దించితే, అప్పటికే ఉన్న రెటినోపతి కొంతకాలం ముదరవచ్చు. కాబట్టి మోతాదులు మార్చకముందే హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో చూపించుకో. మందు వేశాక కొన్ని గంటలు బండి నడపలేవు. తమ్ముణ్ని వెంట తీసుకొని, మీటరు పుస్తకం సంచిలో పెట్టుకొని పో.

ఇట్లు
మీ పెద్దమ్మ