నవంబరులో ఆఫీసంతా జింకల కబుర్లే: విస్కాన్సిన్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

"హెచ్‌వన్‌బీ మీద ఈ మధ్యే మాడిసన్ వచ్చాను. మా టీమ్‌లో సగం మంది నవంబరులో జింకల వేటకి పోతారట, లంచ్ టేబుల్ దగ్గర పొద్దస్తమానం అదే గోల. నన్నూ రమ్మంటున్నారు. వెళ్తే వీసాకి ఏమన్నా ఇబ్బందా? వెళ్లకపోతే ఎవరితోనూ కలవని మనిషని అనుకుంటారా? పైగా మాది శాకాహార కుటుంబం." ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఇలాంటి ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. విడివిడిగా చెప్పే కన్నా ఒకసారి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుంది కదా అని కూర్చున్నాను.

ముందు వీసా సంగతి. మిగతావన్నీ తర్వాత, ఇక్కడ తేడా వస్తే మొత్తం అమెరికా బతుకే తలకిందులవుతుంది. హెచ్‌వన్, హెచ్‌ఫోర్, ఎల్‌వన్, ఎఫ్‌వన్ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. సొంతంగా కొనడం ఒక్కటే నేరమని చాలామంది అనుకుంటారు, స్నేహితుడు "ఒకసారి పట్టుకుని చూడు" అని చేతికిచ్చినా అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. అదే చట్టంలో మినహాయింపు కూడా ఉంది: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఆ నిషేధం మీకు వర్తించదు. గడువు తీరని అన్న మాట గుర్తుపెట్టుకోండి. విస్కాన్సిన్‌లో లైసెన్స్ సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది, నవంబరులో తీసుకున్న లైసెన్స్ చూసుకుని ఏప్రిల్‌లో కూడా ఇంట్లో తుపాకీ పెట్టుకుంటే మినహాయింపు పోయినట్టే. గ్రీన్‌కార్డు చేతికొచ్చినవాళ్లకి ఈ బాధ లేదు. దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లు, ఎప్పుడో చిన్న పోలీసు కేసైనా ఉన్నవాళ్లు ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఆ ఫీజుకి వెనకాడొద్దు. పక్కనున్న ఇల్లినాయ్, మిన్నెసోటా, మిషిగన్‌లలో గంజాయి చట్టబద్ధం కదా అని వాడేవాళ్లుంటే, ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు, అది వాడేవాళ్లు తుపాకీ ముట్టకూడదు. ఇల్లినాయ్‌కి మకాం మారిస్తే అక్కడ తుపాకీకి విడిగా కార్డు కావాలి. రాష్ట్రం దాటితే రూలు మారుతుంది.

లైసెన్స్ కావాలంటే 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పాసవ్వాలి. పెద్దవాళ్లకి ఆన్‌లైన్ దారి ఉంది, కానీ నా మాట విని క్లాసుకే వెళ్లండి. అక్కడ నేర్పేవాళ్లు వాలంటీర్లు, ఊళ్లో నలభై ఏళ్లుగా వేటాడుతున్న పెద్దమనుషులు, పన్నెండేళ్ల పిల్లల పక్కన మిమ్మల్ని కూర్చోబెట్టి ఎంతో ఓపిగ్గా చెబుతారు. క్లాసులో ముందు నేర్పేవి నాలుగు సూత్రాలు: ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకో, గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉంచు, దేన్ని కొడుతున్నావో దాని వెనక ఏముందో రెండూ తెలిసే కొట్టు, కొట్టే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. క్లాసు కాకుండానే ఒకసారి చూద్దామనుకుంటే మెంటార్ పద్ధతి ఉంది, అనుభవం ఉన్న మనిషి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండి వేటాడిస్తాడు, దానికీ లైసెన్స్ తప్పనిసరి. రాష్ట్రంలో కనీసం 30 రోజులుగా స్థిరంగా ఉంటే రెసిడెంట్ ధర, తుపాకీ సీజన్ జింక లైసెన్స్ 24 డాలర్లు.

ఇక అసలు మాట. వాళ్ల కబుర్లలో చోటు దొరకాలంటే తుపాకీ అక్కర్లేదు. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆ గుంపులో గౌరవం దొరికేది చూసినదాన్ని చూసినట్టు చెప్పగలిగిన మనిషికి. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం సీజన్ మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది, ఐదు లక్షల మందికి పైగా లైసెన్స్ తీసుకుంటారు, అందులో చాలామంది ఉత్త చేతులతోనే తిరిగొస్తారు. అయినా సోమవారం పొద్దున కాఫీ దగ్గర ఎవరూ ముందుగా "కొట్టావా?" అనరు, "ఏం చూశావు?" అంటారు. మీరూ అలాగే అడగండి, ఎదుటి మనిషి మొహం వెలిగిపోతుంది.

మీరు చూసింది చెప్పేటప్పుడు కూడా వివరాలతో చెప్పండి. "నిన్న మా ఇంటి వెనకాల జింక కనపడింది" అంటే "ఓహో" అని ఊరుకుంటారు. "పొద్దున ఆరున్నరకి, గాలి పడమర నుంచి వస్తోంది, రెండు ఆడవి ముందు నడిచాయి, కాసేపటికి ఒక మగది నేలకి ముక్కు ఆనించి వాటి దారినే వచ్చింది, మెడ బాగా లావెక్కి ఉంది" అని చెప్పి చూడండి, నలుగురూ కుర్చీలు మీ వైపు జరుపుకుంటారు. నవంబరు మొదట్లో జోడు కట్టే కాలం, రట్ అంటారు. మగవాటి మెడలు అప్పుడు ఉబ్బుతాయి, పగలూ రాత్రీ తేడా లేకుండా ఆడవాటి వెంట తిరుగుతాయి. చిన్న చెట్ల మొదళ్ల దగ్గర మోకాలెత్తున బెరడు ఒక వైపు చీరుకుపోయి లోపలి తెల్లచెక్క బయటపడి ఉంటే అది కొమ్ములు రుద్దిన గుర్తు. వేలితో తడిమితే ఇంకా చెమ్మగా ఉందంటే ఈ మధ్యే రుద్దిందన్నమాట. కొమ్ముల కొమ్మలు లెక్కపెట్టి వయసు చెప్పేయకండి, అవి ఏటా చలికాలంలో ఊడిపోయి మళ్లీ మొలుస్తాయి, వయసు తెలిసేది ఒంటి తీరును బట్టి. ఇంకొకటి, ఎండాకుల్లో టపటపమని అడుగుల చప్పుడు వినపడి గుండె ఆగినంత పనై తిరిగి చూస్తే అక్కడ ఉడత ఉంటుంది. ఈ కథ చెప్పని వేటగాడు లేడు.

ఎక్కడ చూశావని అడిగితే కౌంటీ పేరో రోడ్డు పేరో చెబితే చాలు. మీరు మాత్రం ఎదుటివాళ్లని "మీ మంచె సరిగ్గా ఎక్కడ?" అని అడక్కండి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే చోట్లు అవి, అడగడం మర్యాద కాదు. ఇంట్లో తుపాకులెన్ని ఉన్నాయనీ అడగొద్దు.

అన్నిటికన్నా రంజుగా సాగేది కౌగర్ చర్చ, కొండసింహం అంటే బాగా తెలుస్తుందేమో. ప్రతి గుంపులో ఒకరికి అది కనపడే ఉంటుంది, ప్రతి గుంపులో ఇంకొకరు అది కుక్కో బాబ్‌క్యాటో (ఇక్కడి చిన్న అడవిపిల్లి) అని కొట్టిపారేస్తారు. తోక పొడవు ఎంత అని నిలదీస్తారు, ఎందుకంటే బాబ్‌క్యాట్‌ది బెత్తెడు తోక. విస్కాన్సిన్‌లో అవి పిల్లలు పెట్టి స్థిరపడిన దాఖలా లేదు, అప్పుడప్పుడు మగవి సౌత్ డకోటా బ్లాక్ హిల్స్ వైపు నుంచి నడుచుకుంటూ వస్తాయి. అలా బయల్దేరిన ఒకటి మిన్నెసోటా, విస్కాన్సిన్ దాటుకుని అటు కనెక్టికట్ దాకా వెళ్లి 2011 జూన్‌లో కారు కింద పడి చచ్చిపోయింది. డీఎన్ఏ పోల్చి చూస్తే విస్కాన్సిన్‌లో జాడ వదిలింది అదేనని తేలింది. ఒక్క జంతువు అన్ని రాష్ట్రాలు ఒంటరిగా నడిచిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అలాగే ఉత్తరాన బోల్డర్ జంక్షన్ వైపు వెళ్తే తెల్ల జింకలు కనపడతాయి. పూర్తి తెల్లవాటిని రాష్ట్రంలో ఎక్కడా కొట్టకూడదు, వేటగాళ్లే వాటి గురించి ఎంతో మురిపెంగా చెబుతారు.

మన వైపు నుంచి చెప్పడానికి ఏముందిలే అనుకోకండి. మా తాతగారి ఊళ్లో జొన్నచేలో మంచె వేసుకుని, డబ్బా వాయిస్తూ రాత్రంతా అడవిపందులని అదిలించేవాళ్లని ఒకసారి చెప్పాను. ఆ బల్ల దగ్గర సోయా, మొక్కజొన్న వేసే రైతు ఒకాయన ఉన్నాడు. వెంటనే లేచి ఫోన్‌లో జింకలు పడి తినేసిన తన చేను ఫొటోలు చూపించాడు, ఆ సాయంత్రం మా ఇద్దరి మాటలే. ఇండియాలో 1972 చట్టంతో వేట ఆగిపోయిందనీ, నల్లమలలో ఇప్పటికీ పులులున్నాయనీ చెబితే నోరెళ్లబెట్టి వింటారు. పులి ఉన్న అడవి పక్కన ఊళ్లు ఎలా బతుకుతాయని వాళ్లు అడిగే ప్రశ్నల్లో నిజమైన ఆసక్తి ఉంటుంది.

సామాను కబుర్లు ఇంకో లోకం. థర్టీ ఆట్ సిక్స్ మేలా త్రీ ఓ ఎయిట్ మేలా (రెండూ తూటా రకాలు) అన్న వాదన, మన ఇళ్లలో ఆవకాయకి ఏ నూనె పొయ్యాలన్న వాదన లాగా, తరాల తరబడి తెగదు. అందులో దూరి తీర్పు చెప్పకండి, వినండి. కొత్తగా వెళ్లేవాళ్లు డబ్బు పెట్టాల్సింది బట్టల మీద. నవంబరు తెల్లవారుజామున మైనస్ పదిలో కదలకుండా గంటలు కూర్చోవాలి. కాటన్ బనీను, జీన్సు చెమట పట్టి తడిస్తే చలి ఎముకల్లోకి పోతుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని, పైన మందంగా రెండు పొరలు, కాళ్లకి వదులుగా ఉండే బూట్లు, జేబులో చేతులు వెచ్చబెట్టే ప్యాకెట్లు. నడుము పైభాగం దుస్తుల్లో సగానికి తగ్గకుండా మెరిసే నారింజ గానీ గులాబీ గానీ ఉండాలి, టోపీ పెడితే దానికీ అదే రూలు. జింకకి ఆ నారింజ మనకి కనపడినంత కొట్టొచ్చినట్టు కనపడదు, నీలం మాత్రం బాగా కనిపెడుతుంది, జీన్సు వద్దనడానికి అదొక కారణం. మంచె ఎక్కేవాళ్లు ఒంటికి బెల్టు కట్టుకోకుండా ఎక్కొద్దు. అడవిలో ఎముకలు విరిగేది ఎక్కువగా చెట్టు మీద నుంచి పడే. నేల మీద కాలు ఉన్నప్పుడే బెల్టు తగిలించుకోవాలి, కిందికి దిగేదాకా విప్పకూడదు.

ఆటపట్టించడానికి సిద్ధంగా ఉండండి. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకి తగిలించడం వీళ్ల పాత అలవాటు. మొదటి జింకని కొట్టిన మనిషి బుగ్గకి రక్తం పూసే ఇళ్లూ ఉన్నాయి. ఇష్టం లేకపోతే "నాకు వద్దు, థాంక్స్" అంటే చాలు, ఎవరూ బలవంతం చెయ్యరు. శాకాహారం సంగతి కూడా మొహమాటం లేకుండా మొదటిరోజే చెప్పేయండి. వేట క్యాంపుకి వెళ్లి పేకాడి, ప్యాకర్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి, పొద్దున్నే అందరికీ టీ పెట్టి పంపించే మన శాకాహారి స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ఆయన రాకపోతే వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. తుపాకీ వద్దు, జంతువులని చూడటం ఇష్టం అనేవాళ్లకి స్నాప్‌షాట్ విస్కాన్సిన్ అని డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ల కార్యక్రమం ఉంది. అడవిలో పెట్టిన కెమెరాల ఫొటోల్లో ఏ జంతువుందో ఇంట్లో కూర్చుని గుర్తించొచ్చు, పిల్లలు దాన్ని వదలరు.

ఎవరైనా మాంసం ఇస్తే డబ్బు ఇస్తామనకండి. వేటాడిన జింక మాంసం అమ్మడం చట్టవిరుద్ధం, వాళ్లు స్నేహంగా ఇస్తారు. మసాలా దట్టించి వేపుడు చేసి ఒక డబ్బా తిరిగివ్వండి, అంతకన్నా మంచి బదులు లేదు. కొవ్వు తక్కువ కాబట్టి సన్న సెగ మీద చాలాసేపు ఉడకాలి. సాసేజ్, సమ్మర్ సాసేజ్ అయితే అందులో పంది కొవ్వో గొడ్డుమాంసమో కలుపుతారు, తిననివాళ్లు ముందే అడగండి. ఇంకో రెండు ప్రశ్నలు మొహమాటపడకుండా అడగాలి. సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) పరీక్ష చేయించారా అన్నది మొదటిది. జింకల మెదడుని తినేసే ఈ జబ్బు 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది, మాడిసన్ చుట్టుపక్కల, దానికి పడమరగా ఉన్న కౌంటీల్లో ఎక్కువ. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా తేలలేదు, అయినా జబ్బున్న జింకని తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది, ఎంత ఉడికించినా అది పోయే రకం కూడా కాదు. పరీక్ష ఉచితం. రెండోది, సీసం తూటానా రాగి తూటానా అని. సీసం నలకలు గాయానికి దూరంగా కూడా చెదిరి ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే రాగి తూటాతో కొట్టిందే తీసుకోండి. మంచి వేటగాడు ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు, అడిగినందుకు మెచ్చుకుంటాడు.

పొరుగువాళ్ల భూమి విషయం తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ బోర్డు లేకపోయినా అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు, దెబ్బ తిన్న జింక కంచె దాటిపోయినా అడిగే వెళ్లాలి. 2004 నవంబరులో సాయర్ కౌంటీలో ఇలాంటి మంచె దగ్గర మొదలైన గొడవలో ఆరుగురి ప్రాణాలు పోయాయి. ఎవరైనా వచ్చి "ఇది నా స్థలం" అంటే తప్పొప్పులు అక్కడ తేల్చుకోవద్దు, తుపాకీ ఖాళీ చేసి, సారీ చెప్పి, వచ్చిన దారిన వెనక్కి నడవండి.

వేటతో ఏ సంబంధం లేనివాళ్లకి కూడా ఒక మాట. నవంబరులో చీకటి పడ్డాక డ్రైవింగ్ నిదానంగా చెయ్యండి, ఒక జింక రోడ్డు దాటితే వెనక ఇంకొకటి ఉందనే అనుకోండి, ఎదురుగా వస్తే స్టీరింగ్ పక్కకి కొయ్యకుండా బ్రేక్ నొక్కండి. నవంబరు 1 నుంచి డిసెంబరు 15 దాకా చాలా స్టేట్ పార్కుల్లో కొంత భాగం వేటకి తెరుస్తారు, కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని, పిల్లలని ట్రెయిల్ మీదకి తీసుకెళ్లే ముందు ఆ పార్కు మ్యాప్ చూసుకోండి. గోధుమ రంగు శాలువాలు, తెల్ల మఫ్లర్లు ఆ నెలన్నర వద్దు. నారింజ చొక్కాలు వాల్‌మార్ట్‌లో పది డాలర్ల లోపే దొరుకుతాయి, ఇంట్లో తలా ఒకటి కొని కారు డిక్కీలో పడేసుకోండి.