డీఏ లెక్కలు కట్టే ఉద్యోగం కావాలట మా అమ్మాయికి!

ప్రశ్న: కాజీపేటలో రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ రెండో ఏడాది. నా డీఏ (కరువు భత్యం) ఎలా పెరుగుతుందో తెలిసిన దగ్గర్నుంచి ధరల సూచీలు తయారుచేసే ఉద్యోగమే చేస్తానంటోంది. అలాంటివి నిజంగా ఉంటాయా?

జవాబు: ఉంటాయండీ, టెన్షన్ పడకండి. మీ డీఏకి ఆధారం పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ. 2016 నాటి ధరల స్థాయిని 100గా పెట్టుకుని, హైదరాబాద్, గుంటూరు, విశాఖ సహా 88 కేంద్రాల ధరలతో కేంద్ర కార్మిక శాఖ కింద ఉండే లేబర్ బ్యూరో దీన్ని నెలనెలా లెక్కగడుతుంది. దాని 12 నెలల సగటును బట్టే మీకు జనవరిలో, జులైలో డీఏ మారుతుంది. టీవీలో ద్రవ్యోల్బణం అని చెప్పేది వేరే సూచీ, అది జాతీయ గణాంక కార్యాలయం పని.

అయితే ఇదంతా కంప్యూటర్ ముందు కూర్చుని సూత్రం వేయడమే అనుకుంటే పొరపాటు. ఎంచుకున్న కొట్టుకే మళ్లీ మళ్లీ వెళ్లి, అదే సరుకు, అదే నాణ్యత చూసి ధర రాసుకోవాలి. వంద గ్రాముల బిస్కెట్ ప్యాకెట్ ధర మారకుండా ఎనభై గ్రాములైందనుకోండి, కొనేవాళ్లు గమనించకపోయినా సూచీలో అది పాతిక శాతం పెరిగినట్టే. ఆ తర్వాత వెయిట్ల సంగతి, అంటే మొత్తం ఖర్చులో ఒక్కో సరుకు వాటా: నెల ఖర్చు వంద రూపాయల్లో ఉల్లిపాయలకు రెండే రూపాయలైతే, వాటి ధర రెట్టింపైనా మొత్తం సూచీ పెరిగేది రెండు శాతమే. "మార్కెట్లో ధరలు మండిపోతుంటే డీఏ ఇంతేనా" అని మనం విసుక్కునేది చాలాసార్లు ఇక్కడే.

ఇక దారులు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ డిగ్రీవాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు ఉంది, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంది కాబట్టి మీ అమ్మాయికి అర్హత సమస్య కాదు. పైస్థాయిలో యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్, 21 నుంచి 30 ఏళ్ల లోపువాళ్లకు. దానికీ స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ చాలు గానీ, నాలుగు స్టాటిస్టిక్స్ పేపర్లలో రెండు వ్యాసరూపంలో రాయాలి, డిగ్రీ చదువుతో నెట్టుకురావడం కష్టం. అందుకే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయించండి, ఈలోగా సీజీఎల్ కూడా రాయించండి. స్టాటిస్టికల్ సర్వీస్ పోస్టులు మరీ తక్కువ, దాని ఒక్కదాని మీదే కూర్చోబెడితే ఏళ్లు గడిచిపోతాయి.

ఇంకో మాట, జూనియర్ ఆఫీసర్‌గా పోస్టింగ్ ఏ రాష్ట్రంలోనైనా పడొచ్చు. ఎండలో మార్కెట్లు, పల్లెలు తిరగాల్సి రావొచ్చు. మీ అమ్మాయి సరేనంటుందేమో, ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటారా కనుక్కోండి.