న్యూజిలాండ్ కారు ప్రయాణానికి చీటీ ఇప్పుడే పాడాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. నాకు 42 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నా భార్య హైస్కూల్లో సోషల్ టీచర్. ఇద్దరికీ కలిపి నెలకు 1.5 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, పాప చదువు కోసం సిప్ 15 వేలు, చీటీ 10 వేలు, ఇంటి ఖర్చులు అన్నీ పోను 25 వేలు మిగులుతాయి. దీపావళికి 1.2 లక్షల దాకా బోనస్ వస్తుంది. పాప ఆరో తరగతి. 71 ఏళ్ల మా అమ్మ మాతోనే ఉంటుంది. ఎఫ్‌డీ 3 లక్షలు, పాప ఫండ్‌లో 5.5 లక్షలు ఉన్నాయి. 5 లక్షల చీటీ 50 నెలలకు 35 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. పోయిన నెల పాట 80 వేల తగ్గింపుకు పోయింది, చీటీ కంపెనీ కమిషన్ 5 శాతం. న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో కొండలు, సరస్సులు, ఫియర్డ్‌లు (కొండల మధ్య లోయల్లోకి చొచ్చుకొచ్చిన సముద్రం) చూస్తూ కారులో తిరగాలన్నది నా భార్య కోరిక. పిల్లలకు హిమానీనదాల పాఠం చెప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చి అదే మాట అంటుంది. వచ్చే ఏప్రిల్‌లో వెళ్దామని అడిగితే 8 రాత్రుల ప్యాకేజీకి ముగ్గురికి 9.9 లక్షలు చెప్పారు. చీటీ పాడి, ఇంకో 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామని నేను, పాప ఫండ్ తీద్దామని మా బావమరిది అంటున్నాం. ఏది మంచిది? క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకునే వీలున్న బండి) అయితే చవక కదా? ప్యాకేజీ కాగితం జత చేశాను.

జవాబు: వెళ్లండి. ముందు ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ఉత్తరాలకు "ఈ డబ్బు దాచుకుంటే ఇరవై ఏళ్లకు ఎంతవుతుందో తెలుసా" అనే జవాబు నేను ఇవ్వను. ఏళ్ల తరబడి పాఠంగా చెప్పిన లోయను మీ శ్రీమతి కళ్లారా చూడాలనుకోవడం దుబారా కాదు. కానీ వచ్చే ఏప్రిల్‌లో వద్దు. ఆపై ఏప్రిల్‌లో వెళ్లండి. ఇప్పుడు అక్టోబరు, అంటే ఇంకో 18 నెలలు. అప్పటికి ఒక్క రూపాయి అప్పు లేకుండా, పాప ఫండ్ ముట్టుకోకుండా, ఎనిమిది రాత్రుల బదులు పదకొండు రాత్రులు ఉండి రావచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు చీటీ సంగతి. మీ గ్రూపులో పోయిన నెల పాట 80 వేల తగ్గింపుకు పోయిందని రాశారు. అంటే ఇప్పుడు పాడితే చేతికి 4.2 లక్షలు. ఇంకా 15 నెలలు ఆగితే, మీ కంపెనీ కమిషన్ 5 శాతం అంటున్నారు కాబట్టి, 4.75 లక్షలు. తేడా 55 వేలు. నెలవారీ కట్టు రెండు విధాలుగానూ తప్పదు. పైగా ఇప్పుడు పాడితే మిగిలిన వాయిదాలకు జామీనుదార్లను వెతకాలి, ఆఖరున ఆ బాధ ఉండదు. ఏడాదికి సుమారు పదిన్నర శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టే ఈ పాట. చీటీ ఇంత దూరం మోసుకొచ్చి చివరి మెట్టు మీద దించేయకండి.

పర్సనల్ లోన్ ఇంకా భారం. 5 లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే ఈఎంఐ 17 వేల పైచిలుకు. మొత్తం 6.15 లక్షలు కడతారు. మీకు నెలకు మిగిలేది 25 వేలు. ఊరి నుంచి తిరిగొచ్చాక మూడేళ్ల పాటు అందులో మూడింట రెండొంతులు అక్కడికే పోతాయి. ఈలోపు అమ్మగారికి ఏదైనా అయితే ఎక్కడి నుంచి తెస్తారు? ఇక మీ బావమరిది సలహా. ఆయన ప్రేమతోనే చెప్పారు, కాదనను. కానీ పాప ఇంకో ఏడేళ్లలో కాలేజీకి వెళ్తుంది. ఆ ఫండ్ ఈ మాటల్లోకి రాకూడదు. 3 లక్షల ఎఫ్‌డీ కూడా అంతే. మీ ఇంటికి నెలకు 1.25 లక్షలు కావాలి, ఆ ఎఫ్‌డీ రెండున్నర నెలలకు కూడా చాలదు. అసలు అది పెరగాలి.

కాబట్టి ఇలా చేద్దాం. వచ్చే నెల నుంచి 15 వేల ఆర్డీ, 12 నెలలకు. ఆరు శాతం వడ్డీ వేసుకున్నా వచ్చే ఏడాది చివరికి 1.86 లక్షలు. ఆ దీపావళి బోనస్ 1.2 లక్షలు కలిపితే 3 లక్షలు దాటుతుంది. అది విమాన టికెట్ల డబ్బు. జనవరిలో చీటీ పూర్తవుతుంది. ఆ 4.75 లక్షలు మిగతా ఖర్చంతటికీ. నెలనెలా మిగిలే ఇంకో 10 వేలు, ఈ దీపావళి బోనస్, రెండూ ఎఫ్‌డీలోకి వెళ్లాలి. ఏడాది తిరిగేసరికి మీ అత్యవసర నిధి 5 లక్షలు దాటుతుంది. అమ్మగారికి ఆరోగ్య బీమా లేకపోతే ప్రయాణం కంటే ముందు అది చూడండి.

ఖర్చు ఎంతవుతుందో నా అంచనా చెబుతాను. న్యూజిలాండ్ డాలరును 50 రూపాయలుగా లెక్క వేశాను. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా క్రైస్ట్‌చర్చ్‌కు మూడు టికెట్లు 3 లక్షలు. వీసా ఫీజులు, సెంటర్ చార్జీలు, తలా 100 డాలర్ల టూరిజం లెవీ కలిపి 65 వేలు. మామూలు పెట్రోల్ కారు అద్దె, పూర్తి బీమా కవర్‌తో 60 వేలు, పెట్రోల్ 20 వేలు. వంటగది ఉన్న మోటెళ్లలో పదకొండు రాత్రులకు 1.05 లక్షలు. తిండికి 65 వేలు. పడవ ప్రయాణం, మరో రెండు టికెట్లు కలిపి 40 వేలు. ప్రయాణ బీమాకు 10 వేలు, చలి బట్టలు, సిమ్ లాంటి వాటికి 15 వేలు. మొత్తం 6.8 లక్షలు. దీని మీద ఇంకో 70 వేలు తప్పనిసరిగా ఉంచండి. డాలరు పెరగొచ్చు. మీరు లేని ఆ రెండు వారాలు అమ్మగారి దగ్గర ఉండే మనిషికి డబ్బులివ్వాలి, ఈ ఖర్చు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. అన్నీ కలిపి 7.5 లక్షలు.

మీకు చెప్పిన ప్యాకేజీ కాగితం పూర్తిగా చదివాను. ధర కంటే అందులోని ఐదో రోజు నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజు క్వీన్స్‌టౌన్ నుంచి బస్సులో మిల్‌ఫర్డ్ సౌండ్‌కు వెళ్లి, అదే రాత్రికి తిరిగి రావాలి. పోను 290 కిలోమీటర్లు, రాను 290 కిలోమీటర్లు. పన్నెండు, పదమూడు గంటల రోజు. మీరు ఇంత ఖర్చు పెట్టి వెళ్లేదే ఆ ఫియర్డ్ కోసం. దాని ముందు మీకు దొరికేది రెండు గంటల పడవ, మిగతాదంతా బస్సు కిటికీ.

నేను కొన్నేళ్ల క్రితం ఇంట్లోవాళ్లతో వెళ్లినప్పుడు ఇదే తప్పు చేశాను. మిల్‌ఫర్డ్‌కు ఒక్క రోజే పెట్టుకున్నాను. ఆ రోజు కొండ మీద మంచు జారే ప్రమాదం ఉందని రోడ్డు మూసేశారు. మర్నాడు పొద్దున్నే మా విమానం. పడవ డబ్బు వెనక్కి వచ్చింది. కానీ అంత దూరం వెళ్లి చూడకుండా తిరిగొచ్చాం, ఆ మాట ఎత్తితే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. అందుకే మీ లెక్కలో టె అనౌ ఊళ్లో మూడు రాత్రులు వేశాను. అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ 120 కిలోమీటర్లే. ఒక రోజు రోడ్డు మూసినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది. అదనపు రాత్రికి 10 వేలు పడుతుంది. మొత్తం బడ్జెట్‌లో నేను గట్టిగా పట్టుబట్టే ఖర్చు ఇదొక్కటే.

ఆ 120 కిలోమీటర్ల రోడ్డు మీ శ్రీమతి పాఠ్యపుస్తకమే. ఎగ్లింటన్ లోయ నేల చదునుగా, పక్క గోడలు నిటారుగా ఉంటాయి. మంచు నది తొలిచిన లోయ ఇంగ్లిష్ 'యు' అక్షరంలా ఉంటుందని ఆమె బోర్డు మీద గీసేది ఇదే. తర్వాత హోమర్ సొరంగం, 1.2 కిలోమీటర్లు. 1935లో తవ్వడం మొదలుపెట్టి 1954లో రాకపోకలకు తెరిచారు. సొరంగం దాటి దిగితే సముద్రం. పేరులో సౌండ్ (నది తొలిచిన లోయలో నిండిన సముద్రం) అని ఉన్నా మిల్‌ఫర్డ్ నిజానికి ఫియర్డ్, హిమానీనదం తొలిచిన లోయలోకి సముద్రం వచ్చి నిండింది. అక్కడ ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడుతుంది. వాన పడితే డబ్బు దండగైందని టెన్షన్ పడకండి. ఎండ రోజున కనిపించని జలపాతాలు వాన రోజున రాతిగోడల నిండా దిగుతాయి. దారిలో మొబైల్ సిగ్నల్ ఉండదు, పెట్రోల్ టె అనౌలోనే నింపుకోండి.

మిగతా దారి మీ ఇష్టం. నేను లెక్క వేసింది మాత్రం ఇలా: క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో, అక్కడి నుంచి పుకాకి సరస్సు ఒడ్డునే అవొరాకి మౌంట్ కుక్ దాకా, తర్వాత వనాకా మీదుగా క్వీన్స్‌టౌన్, టె అనౌ, తిరుగు దారిలో డనీడిన్, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. సుమారు 1,700 కిలోమీటర్లు. అవొరాకి 3,724 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. పుకాకి నీళ్ల పాలనీలం రంగు హిమానీనదం రాళ్లను నూరి పంపిన పిండి వల్ల వచ్చింది. ఆ ఒడ్డున కూర్చుని మధ్యాహ్నం అన్నం తినడానికి టికెట్టు లేదు. మౌంట్ కుక్ ఊళ్లో గదులు ఖరీదు, 65 కిలోమీటర్ల ఇవతల ట్వైజెల్‌లో రెండు రాత్రులు ఉండండి.

ఏప్రిల్ చివరి వారమే ఎందుకంటే, మీ శ్రీమతికీ పాపకూ సెలవులు అప్పుడే. అక్కడ అది శరదృతువు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే రద్దీ, రేట్లు తగ్గి ఉంటాయి. క్వీన్స్‌టౌన్ చుట్టుపక్కల చెట్లు పసుపు రంగులో ఉంటాయి. కాకపోతే సాయంత్రం ఆరుకల్లా చీకటి పడుతుంది, రోజుకు నాలుగు గంటలకు మించి డ్రైవింగ్ పెట్టుకోవద్దు. మనలాగే ఎడమవైపు నడపాలి, అది సుఖం. కానీ ఒకే వాహనం పట్టే వంతెనలు, మలుపులు ఎక్కువ. మే నుంచి మిల్‌ఫర్డ్ రోడ్డులో మంచు మీద జారకుండా టైర్లకు వేసే గొలుసులు అవసరమయ్యే కాలం మొదలవుతుంది, అందుకని మిల్‌ఫర్డ్ చూడటం ఏప్రిల్ దాటనివ్వకండి.

క్యాంపర్‌వ్యాన్ చవక కదా అని అడిగారు. మీకది వద్దంటాను. చాలావరకు డీజిల్ బళ్లు, అద్దె కాక నడిపిన కిలోమీటర్లకు రోడ్డు చార్జీ విడిగా వేస్తారు. రాత్రికి క్యాంప్ స్థలం అద్దె వేరు. అన్నీ కలిపితే కారు, మోటెల్ లెక్కకు దగ్గరికే వస్తుంది, ఆ చలిలో పాపతో కష్టం.

డబ్బు కట్టే పద్ధతిలో కూడా జాగ్రత్త కావాలి. కారు తీసుకునేటప్పుడు పూర్తి కవర్ లేకపోతే కొన్ని వేల డాలర్లు క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. 4 వేల డాలర్లంటే 2 లక్షల లిమిట్ పోయినట్టే. కార్డు, లైసెన్సు ఒకే పేరు మీద ఉండాలి. మామూలు కార్డులు విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. 3 లక్షల ఖర్చుకు అది 12 వేలు దాటుతుంది. మార్కప్ లేని కార్డు ఒకటి ఈలోపు తీసుకోండి. అక్కడ మెషిన్ మీద రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని, వాళ్ల డాలర్లలోనే కట్టండి.

విదేశీ ప్యాకేజీ కొంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయ పన్ను) వసూలు చేస్తారు. శాతం తరచూ మారుతోంది, కొనే రోజు రేటు చూసుకోవాలి. అది పోయే డబ్బు కాదు, మీ పన్ను ఖాతాలో కనిపిస్తుంది, పన్నులో సర్దుబాటు అవుతుంది. ఆఫీసులో చెబితే జీతం మీద కోసే టీడీఎస్ కూడా ఆ మేరకు తగ్గిస్తారు. అయినా అంత డబ్బు నెలల పాటు ఇరుక్కుంటుంది. విడివిడిగా మీరే టికెట్లు, గదులు బుక్ చేసుకుంటే ప్యాకేజీ టీసీఎస్ ఉండదు.

బీమా వద్దనుకోకండి. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడితే పర్యాటకులకు కూడా ఏసీసీ అనే ప్రభుత్వ పథకం వైద్య ఖర్చులో సాయం చేస్తుంది. కానీ జ్వరం, కడుపునొప్పి లాంటి జబ్బులకు, రద్దయిన టికెట్లకు, మనిషిని ఇంటికి చేర్చడానికి అది వర్తించదు.

ఇంకో చిన్న విషయం, మన ఇళ్లలో తప్పక జరిగేది. ఆవకాయ, కారప్పొడి, అప్పాలు సంచిలో పెట్టుకుంటే దిగేముందు ఇచ్చే డిక్లరేషన్‌లో అన్నీ చెప్పండి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు, అంటే 20 వేల జరిమానా. చెబితే జరిమానా ఉండదు, మహా అయితే సీసా తీసుకుంటారు.

ఈ నెల చీటీ పాటకు వెళ్లకండి. ఆర్డీ తెరిచిన రోజున దారి మ్యాప్ మీ శ్రీమతి చేతికివ్వండి, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో ఆవిడనే రాయమనండి. టె అనౌ మూడు రాత్రులు మాత్రం తగ్గించవద్దని నా మాటగా చెప్పండి.